దొంగ సీడీని ఓడించిన దుకాణం

'అన్నా, వైస్ సిటీ ఉందా?'

2003-04 ప్రాంతంలో హైదరాబాద్ కోఠీ ఫుట్‌పాత్‌ల మీద తరచూ వినిపించిన ప్రశ్న ఇది. ఓ పక్క సినిమా సీడీలు, ఇంకో పక్క ఎంపీ3 పాటలు. వాటి మధ్య పల్చటి ప్లాస్టిక్ కవర్లలో కంప్యూటర్ గేములు. కవరు మీద మసక మసగ్గా ఓ కలర్ జిరాక్స్ బొమ్మ. గట్టిగా బేరమాడితే యాభై రూపాయలకు వచ్చేసేది. ఇంటికెళ్లి కంప్యూటర్‌లో పెడితే ఆట మొదలవ్వచ్చు, మొదలవకపోనూ వచ్చు. ఆటతోపాటు వైరస్ కూడా దిగొచ్చు. 'నడవకపోతే తెచ్చియ్యి తమ్మీ, మార్చిస్తా' అని అమ్మేవాడు ఇచ్చే మాటే గ్యారంటీ కార్డు!

అలా సీడీ కొనుక్కెళ్లిన కుర్రాడికి ఇప్పుడు నలభై దగ్గరపడుతుంటాయి. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. అయినా ఆట మీద మోజు పోలేదు. రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. నచ్చిన గేమ్ మీద నొక్కి, ఫోన్లో యూపీఐ పిన్ కొడతాడు. వెయ్యో, పదిహేను వందలో ఖాతాలోంచి పోతాయి. కాసేపటికి ఫోన్‌కొచ్చిన మెసేజ్ చూసి వాళ్లమ్మ అడుగుతుంది... 'ఏం కొన్నావురా?'

'గేమ్ అమ్మా.'

'ఏదీ, చూపించు?'

చూపించడానికి ఏమీ ఉండదు. డబ్బా లేదు, సీడీ లేదు, చేతికొచ్చిన రసీదూ లేదు. తెర మీద ఓ పేరు, దాని పక్కన 'ఇన్‌స్టాల్' అన్న మీట. అంతే!

ఇక్కడే అసలు విచిత్రం ఉంది. అదే ఆట దొంగ కాపీ ఇంటర్నెట్‌లో వెతికితే ఇవాళ్టికీ ఉచితంగా దొరుకుతుంది. కోఠీ దాకా వెళ్లక్కర్లేదు, యాభై రూపాయలూ అక్కర్లేదు. మరి ఒకప్పుడు ఒరిజినల్ వంక కన్నెత్తి చూడనివాళ్లు ఇప్పుడు చేతికి అందని వస్తువు కోసం వరసపెట్టి డబ్బులెందుకు కడుతున్నట్టు?

కొన్నవాడికే కష్టాలు

దానికి జవాబు కావాలంటే ముందు ఒరిజినల్ కొన్నవాళ్లు పడ్డ పాట్లు తెలియాలి. ఆట హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాక కూడా ఆడిన ప్రతిసారీ సీడీ డ్రైవ్‌లో ఉండాల్సిందే. సీడీ మీద గీత పడిందా, డబ్బులు గంగపాలే. కవరు వెనక అంటించిన సీడీ కీ నంబరు చిరిగినా, పోయినా అదే కథ. మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి వీలుండదు. ఆటలో లోపాలుంటే వాటిని సరిదిద్దే 'ప్యాచ్'లను ఎవరికి వారే వెతికి పట్టుకోవాలి.

చాలదన్నట్టు, దొంగలను ఆపడానికి కంపెనీలు పెట్టిన తాళాలు దొరల మెడకే చుట్టుకున్నాయి. 2008లో 'స్పోర్' అనే ఆట వచ్చింది. డబ్బులు పెట్టి కొన్నవాళ్లు కూడా దాన్ని మూడు కంప్యూటర్లలో మాత్రమే వాడుకోవాలన్నారు. జనం భగ్గుమన్నారు. పరిమితిని ఐదుకు పెంచక తప్పలేదు. ఇంతా చేసి ఆ ఏడాది అతి ఎక్కువగా దొంగ కాపీలు తిరిగిన ఆటల్లో అదీ ఒకటి! 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఇంకో దెబ్బ. పాత సీడీల్లో ఉన్న కొన్ని రకాల రక్షణ సాఫ్ట్‌వేర్ భద్రతకు ముప్పని మైక్రోసాఫ్ట్ వాటిని ఆపేసింది. దాంతో ఎప్పుడో డబ్బులిచ్చి కొనుక్కున్న ఆటలు అల్మారాలో అలంకారాలైపోయాయి.

దొంగ కాపీ వాడినవాడికి ఈ బాధల్లో సగం లేవు. తాళం ముందే పగలగొట్టి ఉంటుంది కాబట్టి సీడీ పెట్టనక్కర్లేదు, నంబరు కొట్టనక్కర్లేదు. డబ్బు కట్టినవాడికి తిప్పలు, కట్టనివాడికి సుఖం. ఇలాంటి బజారులో నిజాయతీ ఎన్నాళ్లు నిలుస్తుంది?

తిట్లతో మొదలైన దుకాణం

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వాల్వ్ అనే కంపెనీ ఉంది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి బయటికొచ్చిన గేబ్ న్యూవెల్, మైక్ హ్యారింగ్టన్ 1996లో దాన్ని పెట్టారు. 1998లో వాళ్లు చేసిన 'హాఫ్-లైఫ్' పెద్ద హిట్. దాన్ని ఆధారం చేసుకుని ఇద్దరు కుర్రాళ్లు సరదాగా తయారుచేసిన 'కౌంటర్-స్ట్రైక్' ఇంకా పెద్ద హిట్. మన ఊళ్లలో నెట్ సెంటర్లను గంటల లెక్కన నడిపించిన ఆట అదే.

ఆ ఆటతోనే చిక్కు వచ్చింది. ప్యాచ్ విడుదలైన ప్రతిసారీ కొందరి దగ్గర కొత్తది, కొందరి దగ్గర పాతది. రెండూ కలవవు. వేలమంది ఆట ఒక్కసారిగా ఆగిపోయేది. ఈ తలనొప్పి వదిలించుకోవడానికి వాల్వ్ 2003 సెప్టెంబరు 12న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. ఆటల్ని దానంతట అదే తాజా చేసి పెట్టడం దాని పని. పేరు స్టీమ్... అంటే ఆవిరి.

మొదట్లో జనానికి ఆవిరి వచ్చింది చెవుల్లోంచే! 2004 నవంబరు 16న 'హాఫ్-లైఫ్ 2' విడుదలైంది. దుకాణానికి వెళ్లి డబ్బా కొని తెచ్చుకున్నవాళ్లు కూడా ఇంటర్నెట్‌కు కనెక్టై, స్టీమ్‌లో ఖాతా తెరిస్తేగానీ ఆట మొదలుకాదన్నారు. ఒక్కసారిగా లక్షలమంది ఎగబడేసరికి సర్వర్లు చేతులెత్తేశాయి. నేను కొన్న వస్తువును ఇంట్లో వాడుకోవడానికి నీ అనుమతి ఎందుకని తిట్టిపోశారు. ఆ ప్రశ్నను గుర్తుపెట్టుకోవాలి. దాంతో మళ్లీ పని పడుతుంది.

అప్పటికి తిట్టినవాళ్లే కొన్నాళ్లకు అలవాటుపడ్డారు. కంప్యూటర్ పాడైనా, కొత్తది కొన్నా, ఊరు మారినా ఖాతాలోకి వెళ్తే కొన్నవన్నీ అక్కడే ఉన్నాయి. గీత పడే సీడీ లేదు, పోగొట్టుకునే నంబరు లేదు. ప్యాచ్‌లు నిద్రలో ఉండగానే వచ్చి చేరుతున్నాయి. 2005 చివర్లో ఇతర సంస్థల ఆటలు కూడా అక్కడ అమ్మకానికొచ్చాయి. వాల్వ్ తన ఆటల కోసం వేసుకున్న చిన్న అరుగు, అందరూ సరుకు పెట్టుకునే బజారైంది. 2025 మార్చిలో ఒకే సమయంలో నాలుగు కోట్లమందికి పైగా అందులో లాగిన్ అయి ఉన్నారు!

పోలెండ్ చెప్పిన పాఠం

దొంగ కాపీతో పోటీపడటం ఎలాగో వాల్వ్ కంటే ముందే నేర్చుకున్నవాళ్లు పోలెండ్‌లో ఉన్నారు. 1994 దాకా ఆ దేశంలో సాఫ్ట్‌వేర్‌ను కాపాడే కాపీరైట్ చట్టమే సరిగ్గా లేదు. వార్సా నగరంలోని కంప్యూటర్ సంతల్లో కాపీ ఆటలు కూరగాయల్లా అమ్ముడయ్యేవి. బడిలో స్నేహితులైన మార్చిన్ ఇవిన్‌స్కీ, మిహావ్ కిచిన్‌స్కీ అదే ఏడాది సీడీ ప్రాజెక్ట్ అనే కంపెనీ పెట్టి, విదేశీ ఆటల్ని తెచ్చి అమ్మడం మొదలుపెట్టారు. వాళ్లకు పోటీ పక్క కంపెనీ కాదు, సంతలో కాపీ సీడీ అమ్మేవాడు!

'బాల్డర్స్ గేట్' అనే పెద్ద ఆటను 1999లో పోలిష్ భాషలోకి తెచ్చారు. పేరున్న నటీనటులతో డబ్బింగ్ చెప్పించారు. డబ్బాలో ఆట సీడీలతోపాటు పాత కాగితంలా కనిపించే పటం, నియమాల పుస్తకం, సంగీతం సీడీ పెట్టారు. ఆట మొత్తం ఐదు సీడీలు కాబట్టి దొంగ కాపీ కూడా మరీ చవగ్గా రాదు. పైగా కాపీ కొంటే ఈ హంగులేవీ ఉండవు. మొదటి రోజే 18,000 డబ్బాలు అమ్ముడయ్యాయి. కాపీ ఆటలతో పెరిగిన జనమే అసలు కొనడానికి ముందుకొచ్చారు.

ఆ అనుభవంతోనే వాళ్లు 2008లో జీఓజీ అనే ఇంటర్నెట్ దుకాణం తెరిచారు. పాత ఆటల్ని వెతికి పట్టుకుని, కొత్త కంప్యూటర్లలో నడిచేలా బాగుచేసి, ఏ తాళమూ లేకుండా అమ్మారు. కొన్న ఫైలును హార్డ్‌డిస్క్‌లో దాచుకోవచ్చు. ఇంటర్నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు. తాళం లేకపోతే అందరూ ఎత్తుకెళ్లిపోతారని భయపెట్టినవాళ్లున్నారు. దుకాణం మూతపడలేదు సరికదా, నిలదొక్కుకుంది.

రష్యాదీ ఇలాంటి కథే. అక్కడంతా దొంగలే, అడుగుపెట్టి లాభం లేదని న్యూవెల్‌కు చాలామంది చెప్పారట. తీరా చూస్తే పాశ్చాత్య కంపెనీలు ఆటను రష్యన్‌లోకి తేవడానికి నెలలు తీసుకుంటుంటే, దొంగలు ఎప్పుడో తెచ్చేస్తున్నారు. అంటే దొంగ చేస్తున్న సేవే బాగుంది! స్థానిక భాషలో సమయానికి అందించేసరికి, యూరప్‌లో తమకున్న అతిపెద్ద మార్కెట్లలో రష్యా చేరిందని ఆయన 2011లో చెప్పుకొచ్చారు. దొంగ కాపీ చాలావరకు ధరకు సంబంధించిన సమస్య కాదు, సేవకు సంబంధించిన సమస్య అన్నది ఆయన వాదన.

డాలర్ల నుంచి రూపాయిల్లోకి

మన దగ్గర ఈ దుకాణం గడప దాటి లోపలికి రావడానికి చాలాకాలం పట్టింది. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైనప్పుడు వేగం 256 కేబీపీఎస్. నాలుగు జీబీల ఆట దిగాలంటే ఏకధాటిగా 35 గంటలు. నెలవారీ డేటా పరిమితి దాటితే బిల్లు చూసి నాన్న గుడ్లురిమేవారు. అందుకే రాత్రి 2 నుంచి ఉదయం 8 వరకు ఉచితమనే ప్లాన్ రాగానే కుర్రాళ్లంతా అలారం పెట్టుకుని లేచారు. డౌన్‌లోడ్ మొదలుపెట్టి మళ్లీ పడుకునేవాళ్లు. ఆ లెక్కన ఒక్క ఆటకు ఆరు రాత్రులు!

దానికితోడు ధరలు డాలర్లలో ఉండేవి. విదేశీ చెల్లింపులకు పనికొచ్చే క్రెడిట్ కార్డు కావాలి. మధ్యతరగతి ఇంట్లో ఆ కార్డు ఉండటమే అరుదు. ఉన్నా పిల్లాడి ఆట కోసం ఎవరిస్తారు? 2015 నవంబరులో స్టీమ్ ధరల్ని రూపాయల్లో చూపడం మొదలుపెట్టింది. చాలా ఆటలకు ఇక్కడి ధర అమెరికా ధర కంటే తక్కువగా పెట్టారు. తర్వాత్తర్వాత చవక డేటా, ఫైబర్ కనెక్షన్లు, యూపీఐ ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. కార్డు లేని కాలేజీ కుర్రాడు కూడా పాకెట్ మనీతో కొనగలిగాడు.

ఏడాదిలో కొన్నిసార్లు తగ్గింపు అమ్మకాలు ఉంటాయి. ఆషాఢం సేల్‌లో చీరల్లాగే అక్కడ పాత ఆటలు సగానికీ, పావు ధరకీ వచ్చేస్తాయి. చవగ్గా వచ్చిందని కొని, ఏడాదైనా తెరవనివాళ్లూ కోకొల్లలు. బీరువాలో ట్యాగు తీయని చీరలున్న ఇల్లాలికి ఇది వేరే చెప్పక్కర్లేదు!

కొనేవాడికి ధైర్యమిచ్చిన ఇంకో సంగతి, డబ్బు వాపసు. అది ఊరికే రాలేదు. డబ్బు తిరిగిచ్చే విషయంలో వినియోగదారుల హక్కుల గురించి తప్పుదారి పట్టిస్తోందంటూ ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ 2014లో వాల్వ్ మీద కోర్టుకెక్కింది. కేసు నడుస్తుండగానే 2015 జూన్‌లో స్టీమ్ కొత్త నియమం తెచ్చింది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. 2016 డిసెంబరులో కోర్టు 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా కూడా వేసింది. 'నడవకపోతే తెచ్చియ్యి తమ్మీ' అన్న కోఠీ హామీ ఇన్నాళ్లకు కాగితం మీదకెక్కింది.

ఒక్కడే వేసిన పొలం

ఈ దుకాణాల వల్ల బాగుపడింది కొనేవాళ్లొక్కరే కాదు. అమెరికాలోని సియాటిల్ ప్రాంతానికి చెందిన ఎరిక్ బరోన్ చదువయ్యాక ఉద్యోగం దొరక్క, ఒక్కడే కూర్చుని ఓ ఆట తయారుచేయడం మొదలెట్టాడు. ఖర్చుల కోసం నాటకశాలలో టికెట్లు చూసి సీట్లు చూపించే పని చేశాడు. బొమ్మలు, సంగీతం, కథ, ప్రోగ్రామింగ్ అన్నీ తనే. నాలుగేళ్లకు పైగా పట్టింది. తాత వదిలిన పొలాన్ని బాగుచేసుకుని పంటలు పండించే ఆట అది. పేరు 'స్టార్‌డ్యూ వ్యాలీ'. 2016 ఫిబ్రవరిలో స్టీమ్‌లో పెట్టాడు. 2024 చివరికి అన్ని రకాల యంత్రాల మీదా కలిపి 4.1 కోట్ల కాపీలు అమ్ముడయ్యాయి!

డబ్బాల కాలంలో అయితే దుకాణపు అరలో అతనికి చోటే దొరికేది కాదు. సీడీలు అచ్చేయించాలి, పంపిణీదారును ఒప్పించాలి. ఇప్పుడు స్టీమ్‌లో ఆట పెట్టడానికి వంద డాలర్లు చాలు. పుణెలోని నోడింగ్ హెడ్స్ అనే చిన్న సంస్థ మన పురాణాల ఛాయలతో చేసిన 'రాజీ' ఆట 2020లో ఇలాగే ప్రపంచమంతటికీ చేరింది.

అయితే అరుగు అద్దె తక్కువేం కాదు. అమ్మిన ప్రతి వంద రూపాయల్లో ముప్ఫై స్టీమ్‌కు పోతాయి. బాగా పెద్ద మొత్తంలో అమ్ముడయ్యే ఆటలకు మాత్రం ఆ వాటా కాస్త తగ్గుతుంది. 2018 డిసెంబరులో ఎపిక్ కంపెనీ మాకు 12 చాలంటూ పోటీ దుకాణం తెరిచింది. జనాన్ని రప్పించడానికి ఆటల్ని ఉచితంగా పంచిపెట్టింది. 2020 మేలో 'జీటీఏ 5'ను ఉచితమన్న రోజు జనం తాకిడికి ఆ సైటే కూలబడింది. కోఠీలో వైస్ సిటీ దొంగ కాపీ కొన్నవాళ్లు, దాని తమ్ముణ్ని ఒరిజినల్‌గా, అణా ఖర్చు లేకుండా అందుకున్నారన్నమాట!

ఇంతకీ కొన్నది ఏమిటి?

ఇక అమ్మ అడిగిన ప్రశ్నకు వద్దాం. 'ఏదీ, చూపించు?' ఆమె అమాయకంగా అడిగినా, పెద్ద పెద్ద లాయర్లు తలలు పట్టుకున్నది ఆ ప్రశ్న దగ్గరే. ఎందుకంటే ఇలాంటి దుకాణాల్లో కొన్నది ఆట కాదు, ఆడుకోవడానికి అనుమతి. ఇల్లు కొన్నామనుకుంటాం, నిజానికి చేతికొచ్చింది తాళంచెవి మాత్రమే. తాళం మార్చే హక్కు ఇంకొకరి దగ్గరే ఉంది.

'ద క్రూ' అనే కార్ల పందేల ఆట 2014లో వచ్చింది. ఒంటరిగా ఆడాలన్నా కంపెనీ సర్వర్‌కు కనెక్ట్ కావాల్సిందే. 2024 మార్చి 31న ఆ సర్వర్లను ఆపేశారు. పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లకూ ఆట లేకుండా పోయింది. దీనికి నిరసనగా 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అనే ఉద్యమం పుట్టింది. అమ్మిన ఆటను ఆడటానికి వీల్లేకుండా చేయొద్దంటూ యూరోపియన్ యూనియన్‌కు పెట్టిన అర్జీపై 2025 జులై నాటికి పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. అమ్ముతున్నది లైసెన్సు మాత్రమేనని చెప్పకుండా 'కొనండి' అన్న మాట వాడకూడదని దాని సారాంశం. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానికి కాస్త ముందే, 2024 అక్టోబరులో స్టీమ్ కూడా డబ్బు కట్టేచోట ఆ ముక్క రాసిపెట్టింది. ఇంకో సంగతి. స్టీమ్ ఒప్పందం ప్రకారం ఖాతాను మరొకరి పేరుకు మార్చడానికి లేదు. తాతగారి గడియారం మనవడికి వస్తుంది. తాతగారు ఇరవై ఏళ్లుగా కూడబెట్టిన ఆటలు మాత్రం వీలునామా రాసినా రావు!

ఇవన్నీ తెలిసీ జనం కొంటూనే ఉన్నారు. సీడీ కూడా శాశ్వతం కాదని గీతలు పడిన అనుభవం చెప్పింది. దొంగ కాపీలో ఏ వైరస్ ఉందోనన్న భయం ఎటూ ఉంది. ఇంట్లో కూర్చుని, అందుబాటు ధరకు, నచ్చకపోతే వెనక్కిచ్చే వీలుతో దొరుకుతుంటే ఇంత సుఖానికి ఆ మాత్రం రాజీ పర్వాలేదనుకున్నారు. 2004లో తిట్టినవాళ్ల ప్రశ్న తప్పేమీ కాదు. సౌకర్యం మరిగాక దాన్ని అడిగేవాళ్లు తగ్గారంతే.

ఇంట్లో పెద్దలు చేయదగ్గవి

పిల్లలు ఆట కావాలని అడిగితే ముందు నాలుగు విషయాలు చూడాలి. మొదటిది, ఆ గేమ్‌కు కావాల్సిన ప్రాసెసర్, మెమరీ మన కంప్యూటర్‌కు ఉన్నాయా? దుకాణంలో ప్రతి ఆట కిందా ఆ వివరాలుంటాయి. రెండోది, ఒక్కసారి కొంటే సరిపోతుందా, లోపల మళ్లీ మళ్లీ డబ్బులడుగుతుందా? మూడోది, కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాలు. నాలుగోది, ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందా? నడిచేదైతే రేపు సర్వర్ ఆపేసినా అంత భయం లేదు.

స్టీమ్‌లో 2024 నుంచి ఆరుగురి దాకా ఒకే కుటుంబంగా చేరే ఏర్పాటుంది. ఒకరు కొన్న ఆటల్లో చాలావాటిని మిగతావాళ్లూ ఆడుకోవచ్చు. పిల్లలు ఎన్ని గంటలు ఆడాలో పెద్దలు నిర్ణయించవచ్చు. కావాల్సిన ఆట కోసం పిల్లాడు అర్జీ పెడితే, తల్లిదండ్రులు చూసి డబ్బు కట్టవచ్చు. కార్డు నంబరు వాడి చేతికి ఇవ్వక్కర్లేదు.

ఊరూ పేరూ లేని సైట్లు సగం ధరకే కీ నంబరు ఇస్తామంటే నమ్మొద్దు. కొట్టేసిన క్రెడిట్ కార్డులతో కొన్న నంబర్లు అలా చేతులు మారుతుంటాయి. అసలు దుకాణం వాటిని రద్దు చేస్తే డబ్బూ పోయె, ఆటా పోయె. అలాగే ఖాతా ఏ ఈమెయిల్, ఫోన్ నంబరు మీద ఉందో రాసి పెట్టుకోవాలి. తెరిచినప్పుడు ఫోన్‌కు కోడ్ వచ్చే భద్రత ఉండాలి. డబ్బాల్లేని ఈ కాలంలో ఆ ఖాతాయే బీరువా.

తాళం లేకుండా అమ్మే ఆటలైతే ఫైలును విడిగా ఓ హార్డ్‌డిస్క్‌లో దాచిపెట్టడం మంచిది. అప్పుడు కనీసం వాటి విషయంలోనైనా, 'ఏదీ, చూపించు?' అని అమ్మ అడిగితే తీసి చూపించడానికి ఒకటుంటుంది!